బుజ్జితల్లికి నాన్న ఉత్తరం

చిరంజీవి బుజ్జితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. రెండు రోజులుగా ముసురు పట్టింది. గుండ్లకమ్మలో నీళ్లు పెరిగాయి. గొడ్లపాకకు కొత్త కప్పు వేయించాను. నువ్వు ఫోను చేసి 22 రోజులైంది. అమ్మ క్యాలెండరులో గీతలు పెడుతోంది.

ప్రదర్శనలో నీ కుందేలును నాలుగో స్థానానికి దించారని, అప్పటినుంచి కుందేళ్లన్నిటినీ ఎవరికైనా ఇచ్చేస్తానంటున్నావని చిన్నత్త చెప్పింది. నేను నమ్మలేదు. ఆ సంగతి అడగడానికీ రాయడం లేదు.

బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతి పశువులను నెలోర్ అని ఎందుకంటారని అడిగావు కదా. పశువులు ఓడలెక్కిన రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1960లలో మన కరవది ఊరి గిత్త కూడా అక్కడికే వెళ్లింది. అంత దూరం పోయిన పశువుల కబుర్లు ఇప్పటికీ మనకు చేరుతున్నాయి. నీ కబురే లేదు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. హాలండ్ లాప్ జాతి కుందేలు పెద్దదైనా నాలుగు పౌండ్లు దాటకూడదని, చెవులు చెంపలను ఆనుకుని వేలాడాలని, రంగుకన్నా ఒంటి తీరుకే ఎక్కువ మార్కులని నువ్వే చెప్పావు. దాని తల, చెవులు ఎంతో బాగున్నాయి. వెనక భాగం మాత్రం బొచ్చులో దాగి ఉంది.

తాతయ్య పెంచిన గిత్త రాముడి సంగతి నీకు తెలిసిందే, అయినా మళ్లీ చెబుతాను. నురగలాంటి తెలుపు, మెడ మీదా మూపురం మీదా బూడిదరంగు, కాటుక దిద్దినట్టు కళ్లు, మడతలు పడి ఊగే గంగడోలు. పందిట్లోకి నడిపిస్తే జనం లేచి నిలబడ్డారు. వచ్చింది మూడో బహుమతి. జనమంతా వెళ్లిపోయాక తాతయ్య జడ్జి దగ్గరికి వెళ్లి, ‘ఎక్కడ తక్కువైందయ్యా?’ అని అడిగాడు. ఆయన ఏమీ మాట్లాడలేదు. తాతయ్య అరచేతిని పట్టుకుని గిత్త తుంటి మీద పెట్టి, తోక మొదలు దాకా జరిపాడు. అక్కడ ఒళ్లు ఏటవాలుగా జారిపోయి ఉంది. నడిపించి చూపిస్తే వెనక కాళ్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. నాలుగేళ్లు రోజూ ఎదురుగా నిలబడి మూపురం నిమిరిన మనిషి, ఆ సాయంత్రం చీకటిపడే దాకా గిత్త వెనకే నిలబడ్డాడు. తర్వాత వెడల్పాటి తుంటి ఉన్న ఆవులనే ఏరుకున్నాడు. రాముడి మనవడు పుట్టి ఎదిగాక, నా చెయ్యి పట్టుకుని దాని తుంటి మీద పెట్టాడు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు.

నువ్వు కూడా కళ్లు మూసుకుని నిమిరి చూడు. భుజాల నుంచి తుంటి దాకా చెయ్యి ఎక్కడా తట్టుకోకూడదు. వెన్నెముక గుచ్చుకోకూడదు. వెనక భాగం గుండ్రంగా, నిండుగా చేతికి అందాలి, కిందికి వచ్చేసరికి సన్నబడిపోకూడదు. దాణా పెంచితే కొవ్వు పడుతుంది కానీ ఎముక తీరు మారదు. అది జత కట్టేటప్పుడే చూసుకోవాలి. పళ్లు కూడా చూస్తూ ఉండు. ఉపన్యాసం ఇవ్వకూడదనుకున్నాను, ఇచ్చేశాను.

ఇచ్చేయదలచుకుంటే నీ ఇష్టం. ఇచ్చే ముందు ఒక్కసారి అలా నిమిరి, చేతికి ఏం తగిలిందో నాకు చెప్పు.

చలి మొదలై ఉంటుంది. రాత్రిళ్లు తడితలతో పడుకోకు. గోంగూర పచ్చడి, కందిపొడి కట్టించాను. సున్నుండలు నేతితో చేయనా, కరిగిపోతాయా అని అమ్మ అడుగుతోంది. ఆదివారం సాయంత్రం ఫోను దగ్గరే ఉంటాను.

ఇట్లు,
నాన్న