గర్భిణుల షుగర్ పరీక్ష గురించి ఒడిశా ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

ఒడిశా ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాల్లో గర్భిణులకు రక్త పరీక్షలు చేసే తెలుగు సిబ్బంది రాస్తున్న లేఖ ఇది. గర్భంలో వచ్చే షుగర్‌ను ముందే పసిగట్టడానికి సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే పెరిగే పదార్థాన్ని కొలిచే రక్త పరీక్ష), రక్తంలో కొవ్వు పరీక్షలు కూడా పెట్టాలనే మాట వినిపిస్తోంది. దాని వెనకున్న శాస్త్రం నిజమే. కానీ మా జిల్లాల్లో డబ్బు ముందుగా వెళ్లాల్సిన చోటు వేరే ఉంది.

కడుపులోని మాయ (ప్లాసెంటా) విడుదల చేసే హార్మోన్లు, టీఎన్‌ఎఫ్-ఆల్ఫా వంటి వాపు కలిగించే పదార్థాలు తల్లి ఒంట్లో ఇన్సులిన్ పనితనాన్ని తగ్గిస్తాయి. క్లోమం మరింత ఇన్సులిన్ ఇచ్చి ఆ లోటు పూడ్చాలి. నడుము చుట్టూ కొవ్వు ఉన్నవారిలో సన్నపాటి ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు) గర్భానికి ముందే ఉంటుంది. రక్తంలోని కొవ్వు ఆమ్లాలూ ఇన్సులిన్‌కు అడ్డం పడతాయి. క్లోమం తట్టుకోలేకపోతే షుగర్ వస్తుంది. అందుకే మొదటి మూడు నెలల్లోనే ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) ఎక్కువగా, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) తక్కువగా ఉన్నవారికి ముప్పు ఎక్కువ. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్)తో అంత స్పష్టమైన సంబంధం లేదు. నెలలు నిండేకొద్దీ మామూలు గర్భంలోనే ట్రైగ్లిజరైడ్లు రెండు మూడు రెట్లవుతాయి కాబట్టి, ఎనిమిదో నెలలో చేసిన కొవ్వు పరీక్షతో ముప్పును అంచనా వేయలేం.

సీఆర్‌పీ సంగతి ఇంకా చిక్కు. మలేరియా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, చిగుళ్ల వాపు, ఏది ఉన్నా అది పెరుగుతుంది. పైగా తల్లి బరువును లెక్కలోకి తీసుకుంటే సీఆర్‌పీకీ షుగర్‌కీ ఉన్న లంకె బాగా పలచబడుతుంది. సీఆర్‌పీ కిట్లకు పెట్టే డబ్బుతో మూత్ర పరీక్ష, మలేరియా పరీక్ష, పళ్ల చికిత్స సరిగ్గా అందిస్తే నేరుగా మేలు. హెచ్‌బీఏ1సీ (కొన్ని నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) మీద కూడా ఆధారపడవద్దు: రక్తహీనత, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) ఉన్నచోట ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది.

అసలు లోపం షుగర్ పరీక్ష జరుగుతున్న తీరులో ఉంది. జాతీయ మార్గదర్శకాల ప్రకారం 75 గ్రాముల గ్లూకోజ్‌ను సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, తిన్నా తినకపోయినా, 5 నుంచి 10 నిమిషాల్లో తాగించాలి. రెండు గంటలకు రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు లేదా అంతకు మించితే గర్భ షుగర్. అరగంటలోపు వాంతి అయితే మర్నాడు మళ్లీ చేయాలి. గ్లూకోజ్‌ను చెంచాలతో కొలిస్తే మోతాదు తప్పుతుంది. తూచిన పొట్లాలే పంపండి.

కాశీపూర్, బిస్సంకటక్ కొండల నుంచి రక్తం మామూలు ట్యూబులో ల్యాబుకు బయల్దేరితే, దారిలోనే రక్తకణాలు గ్లూకోజ్‌ను గంటకు 5 నుంచి 7 శాతం తినేస్తాయి. 148 ఉన్న నమూనా రెండు గంటల్లో 134కు దిగి, ఆ తల్లి చేతికి 'నార్మల్' అని కాగితం వస్తుంది. గ్లూకోజ్ ఇలా తరిగిపోకుండా ఆపే బూడిద రంగు మూత ఫ్లోరైడ్ ట్యూబు కావాలి. అది కూడా వెంటనే పని మొదలుపెట్టదు, ఐసు పెట్టె తప్పదు. అంతకన్నా మేలు, మమతా దివస్ (ఊళ్లో తల్లీబిడ్డలకు ఆరోగ్య సేవలందించే రోజు) నాడే, ల్యాబులో లాగా ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) లెక్క చూపే గ్లూకోమీటర్‌తో అక్కడికక్కడే చూడటం. అయితే వేలికి గ్లూకోజ్ నీళ్లు అంటి ఉంటే అంకె ఎక్కువ చూపిస్తుంది. సూది గుచ్చే ముందు చేతులు కడిగించాలి. తీవ్ర రక్తహీనత ఉన్నా మీటర్ ఎక్కువే చూపిస్తుంది, అలాంటివారి నమూనా ల్యాబుకు పంపాలి. వానాకాలంలో స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి ఉంచితే స్ట్రిప్పులు పాడవుతాయి.

షుగర్ పరీక్ష గర్భంలో రెండుసార్లు చేయాలి. రెండోది 24 నుంచి 28 వారాల మధ్య. మా ఆడపడుచులు పార్వతీపురం, పాలకొండ, పాతపట్నం వైపు పుట్టిళ్లకు వెళ్లేది సరిగ్గా అప్పుడే, ఏడో నెలలో. ఇక్కడి కార్డు ఒడియాలో ఉంటుంది, అక్కడి ఏఎన్‌ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త) చదవలేదు. ప్రయాణానికి ముందే పరీక్ష పూర్తయ్యేలా చూడండి. తేదీ, అంకె, వాడుతున్న మందు తెలుగులో కూడా రాసిన కార్డు ఇప్పించండి.

షుగర్ తేలాక రెండు వారాలు ఆహార నియమం. అప్పటికీ భోజనం చేసిన రెండు గంటలకు 120 లేదా ఆపై ఉంటే డాక్టరు మెట్‌ఫార్మిన్ గానీ ఇన్సులిన్ గానీ మొదలుపెడతారు. ఆహారం అనగానే నూనె మానమని చెప్పి పంపేస్తున్నారు. ట్రైగ్లిజరైడ్లను పెంచేది తెల్లన్నం, చక్కెర టీ కూడా. చోళ్లు (రాగులు) మంచివే, కానీ పలచని అంబలి గ్లాసులకొద్దీ తాగితే షుగర్ త్వరగా ఎక్కుతుంది. ఉలవలు, ఆకుకూర, గుడ్డు తోడుండాలి. పస్తులు ఉంచకూడదు.

కొవ్వు పరీక్షకు నిధులుంటే జిల్లా ఆసుపత్రుల్లో, 14 వారాలలోపు, బీఎంఐ (ఎత్తుకు తగిన బరువు లెక్క) 23 దాటినవారికి, ముందు కాన్పులో షుగర్ వచ్చినవారికి ట్రైగ్లిజరైడ్లు ఒక్కసారి చూస్తే చాలు. ఎక్కువ వచ్చినవారి పేర్లు రెండో షుగర్ పరీక్ష జాబితాలో ముందు రాయాలి.

చివరి విన్నపం కాన్పు తర్వాతి పరీక్ష గురించి. ఆరు వారాలకు మళ్లీ 75 గ్రాములతో చూడాలి, కానీ ఆ తల్లి తిరిగి రావడం అరుదు. బిడ్డకు ఆరో వారం టీకా కోసం మాత్రం తప్పక వస్తుంది. ఆ టీకా రోజునే, అదే బల్ల దగ్గర, తల్లికి గ్లూకోజ్ పరీక్ష చేయాలని ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు
సరిహద్దు జిల్లాల తెలుగు ల్యాబు, ప్రసూతి సేవల సిబ్బంది