మత్స్యకార సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25: నవంబరు 18 రాత్రి మీద విచారణ జరగాలి

సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. ఏటా లాగానే వేట నిషేధం రోజుల్లో, అందరూ ఊళ్లోనే ఉంటారని ఈ సభ పెట్టుకున్నాం. ఏప్రిల్ 15న మొదలైన 61 రోజుల నిషేధం జూన్ 14తో అయిపోతుంది. ఆ తర్వాత ఎవరు ఎప్పుడు ఒడ్డున దొరుకుతారో చెప్పలేం. అందుకే, నవంబరు 18 రాత్రి మన పడమటి వాడ మీద పోలీసులు లాఠీలు ఎత్తిన సంగతి కూడా ఉన్న ఈ నివేదిక కాస్త పొడుగైనా చివరిదాకా కూర్చుని వినమని ముందే అడుగుతున్నాను.

ఈ ఏడాది మనల్ని విడిచి వెళ్లినవాళ్లలో మొదట మన పెద్దకాపుగారిని తలుచుకోవాలి. ఆషాఢంలో పోయారు. నెల్లూరు తీరం సంగతి తెలియని మిత్రులు కొందరు సభలో ఉన్నారు కాబట్టి ఒక్క మాట చెబుతాను. ఇక్కడ కాపు అంటే కులం పేరు కాదు, పట్టపు (ఇక్కడి మత్స్యకార కులం) ఊళ్లలో ఊరి పెద్ద. ఒకరి వల మీద ఇంకొకరి వల పడి తెగితే ఎవరు ఎంత కట్టాలి, రేవులో ఏ పడవ ఎక్కడ లాగాలి, జాతరకు పడవకు ఎంత వేయాలి అన్నీ ఆయన నోటి మాట మీదే నడిచేవి. ఆయన దురాయి (ఊరి కట్టుబాటు) వేస్తే ఊరంతా కట్టుబడేది. తమిళనాడులోని కడలూరు వైపు నుంచి వచ్చే స్పీడు బోట్లు మన వలలు తొక్కుకుంటూ పోయినప్పుడు కలెక్టరాఫీసులో ముందు వరసలో నిలబడింది ఆయనే. 23 ఏళ్లు ఆ పెద్దరికం చేసి, సొంతానికి ఒక ఫైబర్ పడవ తప్ప ఏమీ మిగుల్చుకోలేదు. ఆయన ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం పాటించాం.

ఆయన పోయాక పెద్దరికం ఎవరిదన్నది తేలలేదు. తమ్ముడికే రావాలని ఒక వాడ, ఇంటికొక మాట చొప్పున అడిగి తేల్చాలని ఇంకో వాడ పట్టుబట్టాయి. సంఘానికి ఇందులో పక్షం లేదు, ఇకముందూ ఉండదు. కార్యవర్గంలోనే రెండు వాడలవాళ్లం ఉన్నాం, మా ఇళ్లలోనే రెండు మాటలు ఉన్నాయి. ఉమ్మడి సొమ్ము ఇనప్పెట్టెకు రెండు తాళాలు. ఒకటి పెద్దకాపుగారి ఇంట్లో, ఒకటి గుడి పూజారి దగ్గర. మూడుసార్లు కూర్చున్నా ఆ మొదటి తాళం ఎవరి చేతికి ఇవ్వాలో ఒప్పందం కుదరలేదు. నాలుగోసారి కార్తీక పౌర్ణమి దాటాక, నవంబరు 18, సోమవారం సాయంత్రం అనుకున్నాం.

ఆ సమావేశానికి బందోబస్తు కావాలని అడిగింది మనమే. 16వ తేదీన నేనే లెటరు రాసి స్టేషన్లో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. ఊరి కొట్లాటకు పోలీసులు తమంతట తామే వచ్చారని తర్వాత ప్రచారం జరిగింది కాబట్టి ఈ సంగతి రికార్డులో ఉండాలి.

ఆరింటికి వస్తామన్నవాళ్లు ఎనిమిదిన్నరకు వచ్చారు. అప్పటికే గుడి ముందు మాటామాటా పెరిగి, తోపులాట జరిగి, ఎవరో ఒక ప్లాస్టిక్ కుర్చీ విసిరారు. విసిరింది మనవాళ్లే, దాన్ని నేను దాచను. కానీ పోలీసులు దిగాక ఎవరు ఎవరని అడగలేదు, చెదిరిపొమ్మని మైకులో చెప్పలేదు. లాఠీలు లేచాయి. జనం ఇళ్లలోకి పరిగెత్తాక కూడా ఆగలేదు. పడమటి వాడలోకి మాత్రమే వెళ్లారు, తలుపులు కొట్టారు, తీయనివాళ్ల తలుపులు తన్నారు. తూర్పు వాడలోకి ఒక్క కానిస్టేబులూ అడుగు పెట్టలేదు. అక్కడా మనవాళ్లే కాబట్టి వాళ్లకు దెబ్బలు తగలనందుకు సంతోషమే. ఒక వాడే ఎందుకు అన్న ప్రశ్నకు మాత్రం జవాబు కావాలి.

ఆ రాత్రి 14 మంది మగవాళ్లను, నలుగురు ఆడవాళ్లను జీపుల్లో తీసుకెళ్లారు. ఆడవాళ్లను ఎక్కించింది తొమ్మిదిన్నరకు. మహిళా కానిస్టేబులు వచ్చింది అర్ధరాత్రి దాటాక. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు, తప్పనిసరైతే మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకుని మహిళా అధికారే చేయాలి. అరెస్టుల పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహితలో 43వ సెక్షన్ ఇది, ఆ పాత చట్టంలోనూ ఉన్నదే. అరెస్టు కాదు, మాట్లాడి పంపడానికే తెచ్చామని స్టేషన్లో అన్నారట. మాట్లాడటానికైతే మగవాళ్లను మర్నాడు సాయంత్రం ఏడింటిదాకా ఎందుకు ఉంచారు? అరెస్టు అయితే సాక్షి సంతకంతో మెమో ఏది? డీకే బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే ఆ మెమో తప్పనిసరి అని చెప్పింది. ఒక్కరి చేతికీ ఒక్క కాగితం ఇవ్వలేదు. ఆరుగురి ఫోన్లు తీసుకుని మూడో రోజు తిరిగి ఇచ్చారు, ఆ రాత్రి వీడియోలు వాటిలో లేవు.

ఇక్కడ మా చిన్నమ్మ సంగతి చెప్పాలి. చిన్నమ్మ అంటే వరసకు. ఎండుచేపలు ఎత్తి పట్టా కింద పెట్టుకుంటోంది, మంచు పడితే రంగు పోతుందని. ఆమెకు పెద్దరికం గొడవే పట్టదు, గుడి దగ్గరికే రాలేదు. లాఠీ దెబ్బ ముంజేతి మీద పడింది. పెళ్లినాటి వెండి కడియం ఉంది ఆ చేతికి. గంటలో చెయ్యి వాచి కడియం మాంసంలోకి దిగిపోయింది. ఆసుపత్రిలో తీయడం కుదరలేదు. రాత్రి పదకొండింటికి కంసాలిని నిద్ర లేపి తీసుకొచ్చాం. అతను ఆకురాయితో రుద్దుతుంటే నేను టార్చిలైటు పట్టుకున్నాను. ఆమె ఒక్కసారి కూడా అరవలేదు, ఆ ఎండుచేపలు ఎవరైనా ఎత్తారా అనే అడిగింది. ఆ కడియం రెండు ముక్కలూ, ఆసుపత్రి చీటీతో పాటు సంఘం బీరువాలో ఉన్నాయి. విచారణ అధికారి ఎవరొచ్చినా ముందు అవే చూపిస్తాం.

తర్వాత మనం చేసిన పని. 20వ తేదీన జిల్లా అధికారులకు, రెవెన్యూ వాళ్లకు వినతిపత్రాలు ఇచ్చాం. డిసెంబరులో శాఖాపరమైన విచారణ అన్నారు. సంతోషించాం. తీరా చూస్తే సాక్షులను పిలిచింది అదే స్టేషన్‌కు, ఆ రాత్రి అక్కడున్నవాళ్లే గుమ్మం దగ్గర నిలబడి ఉండగా. వెళ్లిన ఐదుగురిలో ముగ్గురు ఏమీ చెప్పకుండా తిరిగొచ్చారు. వాళ్లను నేను తప్పు పట్టను. పొరపాటేమీ జరగలేదని ఫిబ్రవరిలో తేల్చేశారు. ఆ నివేదిక నకలు ఇప్పటికీ మనకు ఇవ్వలేదు.

సీసీ కెమెరా ఫుటేజీ కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం. ప్రతి స్టేషన్లో లాకప్, గుమ్మం, వరండా అన్నీ కనపడేలా కెమెరాలు ఉండాలని, రికార్డు 18 నెలలు దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ఆదేశించింది. మనకు వచ్చిన జవాబు రెండు లైన్లు: దర్యాప్తు నడుస్తోంది, సమాచార హక్కు చట్టం 8(1)(హెచ్) సెక్షన్ కింద ఇవ్వలేం. దర్యాప్తు ఉందని చెప్పినంత మాత్రాన సరిపోదు, సమాచారం ఇస్తే అది ఎలా చెడుతుందో చూపించాలని 2007లోనే ఢిల్లీ హైకోర్టు భగత్ సింగ్ కేసులో చెప్పింది. ఆ తీర్పు జోడించి మొదటి అప్పీలు వేశాం. 18 నెలల లెక్కన ఫుటేజీ వచ్చే ఏడాది మే దాకానే ఉంటుంది. రోజులు వాళ్లకు కలిసొస్తున్నాయి, మనకు కాదు.

సంఘం అడుగుతున్నది ఇది, తీర్మానంగా ఈ సభ ముందు పెడుతున్నాను. విచారణ పోలీసు శాఖవాళ్లతో కాకుండా బయటివాళ్లతో జరగాలి. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్ర స్థాయిలో, జిల్లా స్థాయిలో ప్రత్యేక అథారిటీలు ఉండాలని, డీఎస్పీ స్థాయి వరకు ఫిర్యాదులు జిల్లా అథారిటీ చూడాలని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. అలాంటి అథారిటీ ముందుకైనా, మేజిస్ట్రేటు ముందుకైనా ఈ కేసు వెళ్లాలి. వాంగ్మూలాలు స్టేషన్లో కాకుండా బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో తీసుకోవాలి. ఫుటేజీని వెంటనే సీలు చేయాలి. ఆ రాత్రి గొడవ మీద పోలీసులు మనవాళ్లలో 31 మంది పేర్లతో, ‘మరికొందరు’ అంటూ పెట్టిన కేసులో ఒకే వాడ పేర్లు ఎందుకున్నాయో కూడా అందులోనే తేలాలి. ఎవరిని శిక్షించాలో మనం చెప్పడం లేదు, జరిగింది జరిగినట్టు రాయమంటున్నాం.

మానవ హక్కుల కమిషన్‌కూ వెళ్తాం. ఘటన జరిగిన ఏడాదిలోపే ఫిర్యాదు చేయాలని 1993 చట్టం చెబుతోంది. అంటే మనకు వచ్చే నవంబరు 17 దాకానే గడువు. కమిషన్ కర్నూలులో ఉంది. వెళ్లిరావడానికి రెండు రోజుల వేట పోతుందని నాకూ తెలుసు, అయినా కనీసం నలుగురు రావాలి.

ఇప్పుడు బాధ కలిగించే విషయం. అఫిడవిట్లు ఇస్తామని జనవరిలో చేతులెత్తినవాళ్లు 43 మంది. ఇప్పటికి సంతకాలు పెట్టింది 9 మంది, అందులో ఆరుగురు ఆడవాళ్లు. లాయరుగారు మూడు ఆదివారాలు పట్టణం నుంచి వచ్చి గుడి అరుగు మీద కూర్చున్నారు. రెండో ఆదివారం ఆయన, నేను, ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. వేటకు వెళ్లామన్నారు, ఆ రోజు అలలు ఎక్కువగా ఉండి ఒక్క పడవా దిగలేదు. భయం ఉంటే భయం అని చెప్పండి, మీ ఇంటికే వచ్చి రాయించుకుంటాం. యువజన విభాగం అని పేరు పెట్టుకున్నవాళ్లు వాట్సాప్ గ్రూపులో రాత్రి పన్నెండు దాకా రాస్తారు, జెరాక్సులు తీయడానికి ఒక్కరూ రారు. తూర్పు వాడ పెద్దలకు చేతులు జోడించి ఒక మాట చెబుతున్నాను. మీ వాడకు ఆ రాత్రి లాఠీ రాలేదు. చూసింది మాత్రం మీరే, మీ గుమ్మాల్లోంచి అంతా కనపడింది. మీ నుంచి ఒక్క సాక్షి వచ్చినా ఇది వాడల గొడవ అని ఎవరూ అనలేరు.

పెద్దరికం సంగతికొస్తే, ప్రస్తుతానికి ఐదుగురు పెద్దల కమిటీ రేవు వ్యవహారం చూస్తోంది. రెండు తాళాలూ ఆ కమిటీ దగ్గరే ఉన్నాయి. మళ్లీ కూర్చునేది శ్రావణంలో.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన రోజు జనవరి 12. నవంబరు 21న ప్రపంచ మత్స్యకార దినోత్సవం చేయలేకపోయాం. మూడు రోజుల ముందే ఆ రాత్రి జరిగింది, నెలాఖరుకు ఫెంగల్ తుపాను హెచ్చరికతో పడవలన్నీ ఒడ్డుకెక్కాయి. అందుకే సంక్రాంతి ముందు ఆదివారం పెట్టుకున్నాం. తెప్పల పోటీకి చీట్లు వేసి జట్లు కట్టాం, వాడల లెక్కన కాదు. నాలుగు నెలలుగా పలకరించుకోని కుర్రాళ్లు ఒకే తెప్ప మీద తెడ్డు వేశారు. మొదట వచ్చిన తెప్ప ఒడ్డు తాకే ముందు అల కొట్టి బోల్తా పడింది. నలుగురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నీళ్లలోంచి లేచినప్పుడు ఊరంతా చప్పట్లు కొట్టింది. వలలు అల్లే పోటీలో మొదటి బహుమతి 71 ఏళ్ల అవ్వ గెలుచుకుంది. మన ఊరి నుంచి మొదటిసారి బీఎస్సీ నర్సింగ్ పాసైన అమ్మాయికి శాలువా కప్పాం. ఆ శాలువా కప్పింది దివంగత పెద్దకాపుగారి భార్య. ఆ రోజు పులుసు వండిన వంటవాళ్లకు, ఐసు ఉచితంగా ఇచ్చిన ఫ్యాక్టరీ యజమానికి, మైకు సెట్టు తమ్ముడికి, బడి మాస్టార్లకు, చేపలు ఇచ్చిన 17 పడవల సరంగులకు పేరుపేరునా కృతజ్ఞతలు. కంటి శిబిరం కూడా అదే వారంలో జరిగింది, డాక్టర్లకు ధన్యవాదాలు.

వేట నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే సాయం ఈసారి 20,000 రూపాయలు అయింది. జాబితాలో పేర్లు తప్పినవాళ్లవి ఆధార్ కార్డులతో సరిచేయించాం. ఇంకా రానివాళ్లు ఈ సభ అయ్యాక సహాయ కార్యదర్శిని కలవండి.

లెక్కలు: జమ 1,86,400 రూపాయలు, ఖర్చు 1,79,250 రూపాయలు, నిల్వ 7,150 రూపాయలు. వివరాలు కోశాధికారి పుస్తకంలో ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు. చందా బాకీలు ఉన్నవాళ్లు నిషేధం పూర్తయ్యేలోపు కట్టాలి.

ఒక్క పైసా తీసుకోకుండా మన కాగితాలన్నీ చూస్తున్న లాయరుగారికి, ఆ రాత్రి గాయాలకు కట్లు కట్టిన ఆసుపత్రి సిస్టర్లకు, నిద్ర లేచి వచ్చిన కంసాలికి సంఘం రుణపడి ఉంది.

వచ్చే ఆదివారం ఉదయం ఏడింటి నుంచి గుడి అరుగు మీద అఫిడవిట్లు రాయిస్తాం. ఆధార్ కార్డు, ఆసుపత్రి చీటీ ఉంటే తెచ్చుకోండి. చిన్నమ్మది మొదటి సంతకం. కుడిచెయ్యి ఇంకా సరిగ్గా ముడుచుకోవడం లేదు కాబట్టి ఎడమచేతి వేలిముద్ర వేస్తానంది.

కార్యదర్శి
(కార్యవర్గం తరఫున, సర్వసభ్య సమావేశం, మే 2025)