పిల్లల నోట్‌బుక్కులో "లేవు" అని ఉంటే అలాగే ఉండనివ్వండి

పేరెంట్స్ అందరికీ నమస్కారమండీ,

ఈ ఏడాది ఆరు, ఏడు తరగతుల పిల్లలు సీజన్‌వాచ్‌లో చేరుతున్నారు. దేశమంతా స్కూలు పిల్లలూ మామూలు జనమూ కలిసి చెట్లని గమనించే ప్రాజెక్ట్ ఇది. ఎవరికి వాళ్ళు ఒక చెట్టు ఎంచుకుని వారానికోసారి వెళ్ళి లేతాకులు, మొగ్గలు, పూలు, కాయలు అసలు లేవా, కొన్ని ఉన్నాయా, చాలా ఉన్నాయా అని రాస్తారు, అంతే. ఎండలూ వానలూ ఇలా మారిపోతుంటే మామిడి పూత ముందుకొస్తోందా వెనక్కి పోతోందా అన్నది సైంటిస్టులు ఎంతమందున్నా ఊరూరా తిరిగి చూడలేరు కదండీ, అందుకే వాళ్ళకి మన పిల్లలు కావాలి.

సెలవులకి ముందు గేటు దగ్గర కానుగ చెట్టు మీద ట్రయల్ చేశాం. ఒక పాప పైకి చూసి "పూలు లేవు" అని రాసేసింది, పక్కనున్న పిల్లాడు కింద రాలిన చిన్న చిన్న పూలు ఏరి చూపించాడు, మరి ఇవి ఈ చెట్టువేనా, గాలికి పక్క చెట్టు నుంచి వచ్చాయా అని పది నిమిషాలు వాదించుకుని, చివరికి కొమ్మ వంచి చూసి దిద్దుకున్నారు. నాకు అదే సైన్స్ అనిపించింది.

ఇంగ్లండ్‌లో బ్లాకాటన్ అనే ఊరి ప్రైమరీ స్కూలు పిల్లలు, ఎనిమిది నుంచి పదేళ్ళ వాళ్ళు, బంబుల్‌బీలు (ఒక రకం తేనెటీగలు) ఏ పూల దగ్గరికి వెళ్ళాలో రంగుల్ని బట్టి, అవి అమరిన తీరుని బట్టి నేర్చుకుంటాయా అని పరీక్ష చేశారు. ఒక సైంటిస్ట్ పక్కనే ఉన్నాడు గానీ ప్రశ్నలు పిల్లలవి, మాటలు పిల్లలవి, బొమ్మలు కలర్ పెన్సిళ్ళతో పిల్లలు వేసినవి. 2010లో బయాలజీ లెటర్స్ అనే సైన్స్ జర్నల్ వాళ్ళ పరిశోధన పేపర్ వేసింది. సైన్స్‌లో పార్ట్‌నర్ అంటే అదీ. లెక్కలు తెచ్చిచ్చి పక్కకి తప్పుకోవడం కాదు, ఏం అడగాలో కూడా మనం చెప్పాలి.

ఈ మాట పెద్దవాళ్ళకీ వర్తిస్తుంది. మన ఒడ్డుకి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఇసుక వేడెక్కితే పుట్టేవాటిలో ఆడవి ఎక్కువవుతాయని సైంటిస్టులు చెప్తారు, కానీ రాత్రి తాబేలు ఎక్కడ ఎక్కిందో తెల్లారకముందే వలలతో ఒడ్డున ఉండేవాళ్ళకే ముందు తెలుస్తుంది. జాలరిపేట నుంచి మన స్కూలుకి పిల్లల్ని పంపే నాన్నలు, తాతయ్యలు ఒక శనివారం వచ్చి క్లాసులో మాట్లాడితే చాలా సంతోషిస్తాం. మీరు చెప్పింది పిల్లలు రాసుకుంటారు, అడగాల్సినవి అడుగుతారు.

ఇక ఇంట్లో ఒక్కటే రిక్వెస్ట్. నోట్‌బుక్కు ఖాళీగా ఉంటే బాగోదని మీరు నింపకండి. "లేవు" కూడా కావల్సిన సమాచారమే, ఊహించి రాసిన "చాలా" మాత్రం మొత్తం లెక్కనే పాడు చేస్తుంది. ఒక వారం చూడ్డం కుదరకపోతే ఆ వారం వదిలేయమనండి. చెట్టు మెయిన్ రోడ్డు మీద కాకుండా వీధిలోదో అపార్ట్‌మెంట్‌లోదో అయితే మంచిది. ఏ చెట్టో శుక్రవారంలోపు క్లాస్ టీచర్‌కి చెప్పండి, పేరు తెలీకపోతే ఒక ఆకు పంపండి చాలు.

మీ హెడ్‌మాస్టర్