తాతల నాటి నాణేలకు జిగురు పూయకండి

సంపాదకులకు,

మీ ఆదివారం సంచికలో ఇంటి అలంకరణ పేజీ చదివాను. పాత నాణేలను పెట్టెల్లోంచి తీసి హాల్లో పెట్టుకోమన్నారు, అంతవరకు చాలా సంతోషం. మన ఇళ్లలో ఇవి బీరువాలో నగల డబ్బా అడుగునో, దేవుడి గూట్లో రాగి చెంబులోనో పడి ఉంటాయి, పిల్లల కంట పడనే పడవు. కానీ ఆ తర్వాత చెప్పిన పద్ధతి ఉంది చూశారూ, చింతపండుతో తళతళలాడేలా తోమి, టీపాయ్ మీద జిగురుతో అతికించి, పైన గాజులా గట్టిపడే రెజిన్ ద్రవం పోసేయమనడం, అది చదివాక ఊరుకోలేక రాస్తున్నాను.

రెజిన్ గట్టిపడ్డాక ఆ నాణెం మళ్లీ చేతికి రాదండీ. రెండో పక్క ఏముందో మీ మనవడు అడిగితే చూపించే దారి ఉండదు. నిజాం రూపాయినే తీసుకోండి, ఒక వైపు చార్మినార్ బొమ్మ, రెండో వైపు దాని విలువ, 'ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్'లో, అంటే శుభంగా పునాది పడిన హైదరాబాద్‌లో, ముద్రించినట్టు రాత. అందరూ చార్మినార్‌నే పైకి పెడతారు, అంటే ఆ రాత శాశ్వతంగా జిగురు పాలు. నాణేనికి రెండు ముఖాలు ఉంటాయని తెలిసినవాళ్లు చెప్పాల్సిన సలహానా ఇది?

నాకెందుకింత పట్టింపు అంటే, మా నాన్న ఆర్టీసీ కండక్టర్. ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత డబ్బులు, కొత్త డబ్బులు కలిసి నడిచేవట. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి కదా, పావలా ఇస్తే 25 పైసలు, గొడవే లేదు. చిక్కంతా అణా, బేడల దగ్గరే. రూపాయికి పదహారు అణాలు, ఆ లెక్క ప్రకారం బేడకు, అంటే రెండణాలకు, పన్నెండున్నర పైసలు రావాలి, అర పైసా ఎక్కడి నుంచి తెస్తారు? పన్నెండే అంటే ప్రయాణికుడు ఒప్పుకోడు, పదమూడు ఇస్తే సాయంత్రం లెక్కలో కండక్టర్ జేబుకు చిల్లు. పైగా తెలంగాణ పల్లెల్లో హాలీ సిక్కాలు, అంటే నిజాం నాణేలు కూడా అప్పటికి పూర్తిగా పోలేదు, 1959 దాకా ఏదో ఒక మూల కనబడుతూనే ఉండేవి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ (బ్రిటిష్ ఇండియా) రూపాయలు అనే పాత మారకం ముసలివాళ్ల నోట్లో అలాగే ఉండేది. టికెట్ డబ్బుల సంచిలోకి వింతగా కనిపించిన బిళ్ల వస్తే, తన జేబులోంచి అంత డబ్బు సంచిలో వేసి దాన్ని ఇంటికి తెచ్చుకునేవాడు మా నాన్న. అమ్మ విసుక్కునేది, జీతం రాళ్లు తెచ్చినా బాగుండునని.

ఇవి ఇప్పుడు మా హాల్లో గోడ మీద ఉన్నాయి. అందులో ఒక చిల్లి కానీ (పాత పైసా) ఉంది, యుద్ధ కాలంలో రాగి పొదుపు చేయడానికి మధ్యలో బెజ్జం పెట్టి 1943 నుంచి ముద్రించారే, ఆ రకం. దాని బెజ్జం గుండ్రంగా ఉండదు, ఒక పక్క కాస్త సాగినట్టు అరిగిపోయి ఉంటుంది, ఎందుకంటే మా అన్నయ్య చిన్నప్పుడు మొలతాడుకు కట్టింది అదే, దారం ఒరుసుకుని ఒరుసుకుని అలా అయింది. ఇంకొక రూపాయి అమ్మ హారతి పళ్లెంలో ఏళ్లపాటు ఉండేది. రాజు గారి పేరు అక్షరాల సందుల్లో ఇప్పటికీ కుంకుమ ఉంది, అద్దం దగ్గరికి కళ్లు పెట్టి చూస్తే ఎర్రటి గీతల్లా కనబడుతుంది. మీ పేజీ చెప్పినట్టు చింతపండు వేసి తోమి ఉంటే ఆ కుంకుమ పోయేది, ఆ రూపాయి బజార్లో దొరికే ఏ రూపాయి లాగో మిగిలేది.

తోమడం గురించి ఇంకో మాట. రాగి, వెండి మీద కాలం గడిచే కొద్దీ పట్టే ముదురు రంగు మురికి కాదు, లోహం మీద ఏర్పడిన పలుచని పొర, కింది భాగాన్ని కాపాడేది కూడా చాలావరకు అదే. పులుపుతో, టూత్‌పేస్టుతో, ఇత్తడి తోమే పొడితో రుద్దితే ఆ పొరతో పాటు అక్షరాల అంచులూ అరుగుతాయి. సేకరించేవాళ్లు తోమిన నాణేన్ని చూడగానే పక్కన పెట్టేస్తారు. మరీ మట్టి ఉంటే మంచినీళ్లలో ముంచి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి, చాలు. ఆకుపచ్చగా పొడిలా రాలే చిలుము వేరే సంగతి, అది పాకుతుంది కాబట్టి ఆ నాణేన్ని మిగతావాటి నుంచి వేరు చేయాలి. (వరలక్ష్మీ వ్రతానికి తామర పువ్వు ఉన్న ఇత్తడి ఇరవై పైసల బిళ్లలు 108 పోగేసుకుని ఏటా తోమే అమ్మలను నేనేమీ అనడం లేదు, అవి పూజ సామాను, ఆ లెక్క వేరు.)

మరి ఎలా పెట్టుకోవాలి? పటాలు కట్టే షాపుకు వెళ్లి లోతున్న ఫ్రేము కావాలనండి. దళసరి మౌంట్ బోర్డులో నాణెం సైజుకు సరిపోయేలా గుండ్రంగా కోయించి, నాణేన్ని అందులో బిగువుగా కూర్చోబెట్టి, ముందూ వెనకా గాజు పెట్టించండి. ఫ్రేము తిప్పితే రెండో పక్కా కనబడుతుంది, జిగురు అక్కర్లేదు, రేపు తమ్ముడి వాటా తమ్ముడికి ఇవ్వాలన్నా తీసి ఇవ్వొచ్చు. రెయిన్‌కోటు వాసన వచ్చే మెత్తటి ప్లాస్టిక్ కవర్లు మాత్రం వద్దు, కొన్నేళ్లకు ఆ పీవీసీ జిగటగా మారి నాణేనికి ఆకుపచ్చగా అంటుకుంటుంది. కొత్త ప్లైవుడ్ షోకేసు వార్నిష్ వాసన పోయేదాకా ఆగండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లవాళ్లు చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా ఫ్రేము వెనక పెట్టుకుంటే మంచిది. వంటింటి గోడకు మాత్రం ఎవరూ తగిలించకండి.

అన్నిటికంటే ముఖ్యం, కింద చిన్న చీటీ రాయండి. ఎవరిది, ఎక్కడ దొరికింది, ఎవరు దాచారు. మా అన్నయ్య మొలతాడు సంగతి చీటీ మీద లేకపోతే అది అరిగిపోయిన కానీ, అంతే. మీ పేజీలో ఈ సంగతే లేదు, నాకు ఎక్కువ కోపం వచ్చింది అక్కడే.

ఇక ధరలు. మీ పత్రికలోనే కాదు, అన్నిచోట్లా 'ఈ నాణెం మీ దగ్గరుంటే లక్షాధికారి' అని వార్తలు వస్తుంటాయి. హాల్లో ఫ్రేము పెట్టగానే చుట్టాలు మొదట అడిగేదీ ఇదే, ఎంత వస్తుందని. 1939 వరకు వచ్చిన బ్రిటిష్ రూపాయిలో నూటికి 91 వంతులకు పైగా వెండి, బరువు తులం. 1940 నుంచి వెండిని సగానికి తగ్గించారు. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయిలో వెండే లేదు, నికెల్. అది అయస్కాంతానికి అంటుకుంటుంది, అంతమాత్రాన నకిలీ అనుకుని పారేయకండి. పాత నోట్లు, నాణేలు కొంటామని తన పేరు చెప్పి కమిషన్లు వసూలు చేస్తున్నారని, నమ్మొద్దని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. ఆ ప్రకటనను మీ లక్షాధికారి వార్తల పక్కన ఒక్కసారైనా బాక్సు కట్టి వేయండి.

విదేశాల్లో ఉన్న పిల్లలకు అమ్మమ్మ రూపాయి ఇచ్చి పంపేవాళ్లు కూడా ఒకటి తెలుసుకోవాలి. వందేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తు చట్టం కింద పురావస్తువే, దాన్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. విక్టోరియా రాణి రూపాయిలు, ఎడ్వర్డ్ రూపాయిలు అన్నీ ఇప్పుడు ఆ లెక్కలోకే వస్తాయి. సూట్‌కేసులో చీరల మధ్య పెట్టేసి ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడే బదులు ఫ్రేము ఇక్కడే ఉంచి, పిల్లలకు రెండు పక్కలా ఫొటోలు తీసి పంపితే పోతుంది.

మీకు నా మనవి ఒక్కటే. ఆ పేజీ రాసినవారిని ఒకసారి హైదరాబాద్‌లోని సైఫాబాద్ పంపండి, పాత టంకశాలలో 2022లో పెట్టిన మ్యూజియం ఉంది, పబ్లిక్ గార్డెన్స్‌లో పురావస్తు శాఖ మ్యూజియం కూడా ఉంది. నాణేలను ఎలా ఉంచాలో అక్కడివాళ్లను అడిగి, అదే పేజీలో, అదే సైజులో ఇంకో వ్యాసం వేయండి. మూలన రెండు లైన్ల సవరణ వేస్తే రెజిన్ డబ్బా కొనేసినవాళ్లు చూడరు. టీపాయ్ మీద అతికించుకోవాలని అంత సరదాగా ఉన్నవాళ్లకు, 2011లో చెల్లకుండా పోయిన పావలాలు ప్రతి ఇంట్లో పోపుల డబ్బా పక్కన ఇంకా ఉన్నాయి, ఎవరి జ్ఞాపకమూ లేనివి ఏరుకుని వాటితో కానివ్వమనండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హనుమకొండ