మా షాపులోని ‘టీచర్1’ ఫైలు

సంపాదకులు గారికి నమస్కారం.

కర్నూలు రాజ్‌విహార్ సెంటర్ దగ్గర ఇరవై రెండేళ్లుగా జిరాక్స్, డీటీపీ షాపు నడుపుకుంటున్నాను. నేను డిగ్రీ కూడా గట్టెక్కలేదు. టీచర్ ఉద్యోగాల గురించి వీడెవడు రాయడానికి అని ఎవరన్నా అంటే కాదనలేను. కానీ మార్చి నెలాఖరు నుంచి జూన్ దాకా ప్రైవేటు బడుల మెట్లెక్కే పిల్లల్లో చాలామంది చేతిలోని రెజ్యూమే నాలాంటి వాళ్ల షాపుల్లో తయారైందే. దాన్ని మేమెలా పాడు చేస్తున్నామో చెప్పాలనే ఈ ఉత్తరం.

నా కంప్యూటర్లో ‘టీచర్1’ అని ఒక ఫైలుంది. ఎవరొచ్చినా అదే తెరుస్తాను. పేరు, తండ్రి పేరు, ఫోన్ నంబరు, మార్కుల పట్టిక మారుస్తాను. తక్కినదంతా ముందే ఉంటుంది. ‘టు వర్క్ ఇన్ ఎ ఛాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్’ అని మొదలయ్యే కెరీర్ ఆబ్జెక్టివ్, కింద హార్డ్ వర్కింగ్, పాజిటివ్ యాటిట్యూడ్, హాబీల్లో లిజనింగ్ టు మ్యూజిక్, చివర ‘ఐ హియర్‌బై డిక్లేర్’. అదే ఆబ్జెక్టివ్ మెడికల్ రెప్‌కూ పెట్టాను, లోన్ల ఏజెంటుకూ పెట్టాను. ఐదు నిమిషాల పని, ఇరవై రూపాయలు.

ఆ ఐదు నిమిషాల తొందరలో ఒకసారి ఒక అబ్బాయి పరువు తీశాను. పైన అతని పేరే ఉంది. అడుగున సంతకం దగ్గర మాత్రం అంతకుముందు వచ్చినవాళ్ల పేరు, ‘ప్లేస్: ఆదోని’ అలాగే ఉండిపోయాయి. డెమో క్లాసు బాగా చెప్పాడట. తర్వాత ప్రిన్సిపాల్ కాగితం తిప్పి, "నీ పేరు పైదా, కిందదా?" అని అడిగారట. సాయంత్రం వచ్చి ఆ కాగితం కౌంటర్ మీద పెట్టి, "సదువుకోన్నా" అన్నాడు. అంతే. ఇరవై రూపాయలు తిరిగిస్తే తీసుకోలేదు.

పోయిన ఏప్రిల్‌లో కోసిగి వైపు పల్లె నుంచి ఒకమ్మాయి వచ్చింది. బీఎస్సీ లెక్కలు, బీఎడ్. అలవాటు ప్రకారం వివరాలన్నీ కొట్టేసి, ఎక్స్‌పీరియన్స్ దగ్గర ‘ఫ్రెషర్’ అని టైపు చేస్తూ, "ఎక్కడా చెప్పలేదామ్మా?" అన్నాను.

"లేదన్నా. ఊళ్లో ఊరికే చెప్పినా."

ఊరికే అంటే ఏమిటని అడిగాను. కరెంటు పోయి ప్రింటర్ ఆగిపోయింది కాబట్టి అడిగాను, లేకపోతే అడిగేవాణ్ని కాదు. వాళ్ల వైపు సంక్రాంతికి అటూ ఇటూగా సగం ఊరు సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతుంది. ముసలివాళ్ల దగ్గర మిగిలిన పిల్లల్ని పద్నాలుగు మందిని రెండేళ్లు ఆ సీజన్లో సాయంత్రాలు అరుగు మీద కూర్చోబెట్టుకుంది. నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లలకు కూడా అప్పు తెచ్చుకునే తీసివేత రాదట. పొయ్యిలోకని తెచ్చిన కంది కట్టె విరిచి, పదేసి పుల్లలు దారంతో కట్టలు కట్టించింది. 52లోంచి 17 తీయాలి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు పుల్లలు ఇమ్మంటే పిల్లాడి దగ్గర రెండే ఉన్నాయి. "ఏం చేస్తావు?" అంటే కాసేపు చూసి, ఒక కట్ట దారం తనే విప్పాడట. ‘అప్పు’ అనే మాట ఆమె ఆ తర్వాతే చెప్పిందట. మా ఇంట్లో చిన్నవాడికి ఈ లెక్క చెప్పలేక నేను కేకలేసిన రోజులు గుర్తొచ్చాయి.

"ఇది రాయొచ్చా అన్నా? సర్టిఫికెట్ లేదు కదా" అంది. కరెంటు వచ్చాక ‘ఫ్రెషర్’ తీసేశాను. ఎక్కడ, ఎంతమందికి, ఏ లెక్క, మొదట ఎందరికి వచ్చు, చివరికి ఎందరు నేర్చుకున్నారు అనేవి ఆమె చెబుతుంటే మూడు లైన్లు కొట్టాను. ముందు ‘స్వచ్ఛందంగా’ అని పెట్టించాను. చేసిన పనిని ఉద్యోగంలా చూపిస్తే రేపు ఇంటర్వ్యూలో దొరికిపోతారు. (దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌కు లెటర్‌హెడ్ చేసిస్తావా అని అడిగేవాళ్లూ వస్తారు. ఆ పని మాత్రం చేయను.)

ఆ రోజు నుంచి గమనిస్తున్నాను. చెప్పుకోవలసినవే వదిలేస్తున్నారు. 2015 నుంచి బీఎడ్ రెండేళ్లయింది, అందులో 20 వారాలు బడిలో ఇంటర్న్‌షిప్ ఉంటుంది. నాకు తెలిసి ఒక్కరి రెజ్యూమేలోనూ ఆ 20 వారాలు లేవు. ఏ తరగతికి ఏ పాఠం చెప్పారంటే రికార్డులు చూసి చెప్పాలంటారు. ఆ రికార్డులు డబ్బులిచ్చి రాయించుకున్న వాళ్లయితే మా షాపులోనే తెల్లమొహం వేస్తారు. టెట్, అంటే టీచర్ల అర్హత పరీక్ష పాసైనవాళ్లు ‘టెట్ క్వాలిఫైడ్’ అని ఊరుకుంటారు. 150కి ఎన్నొచ్చాయి, ఏ పేపరు అన్నది ఉండదు. తెలుగు మీడియంలో చెప్పగలరా, ఇంగ్లీషులోనా, ఎన్నో తరగతి దాకా చెప్పగలరు? అదీ ఉండదు. కులం, పెళ్లయిందీ లేనిదీ మాత్రం తప్పకుండా ఉంటాయి. ఇంటర్లో సరదాగా పెట్టుకున్న ఈమెయిల్ ఐడీల సంగతి సరేసరి.

సర్కారు బడుల టీచర్ పోస్టులకు పెట్టే డీఎస్సీకైతే ఈ గొడవ లేదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టుల్లో చాలావాటికి పరీక్ష మార్కులు 80 శాతం, టెట్ 20 శాతం. నువ్వెలా చెబుతావని అడిగేవాళ్లు లేరు. ఆ పోస్టు రానివాళ్లంతా ప్రైవేటు బడులకే వెళ్లాలి. పైగా ఒకటి నుంచి ఐదు తరగతులకు బీఎడ్ చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పాక, ఎస్జీటీ, అంటే ఆ చిన్న తరగతుల టీచర్ పోస్టు మీద ఆశ పెట్టుకున్న బీఎడ్ పిల్లలకు ఆ దారీ మూసుకుపోయింది. ప్రైవేటు బడిలో ముందు చూసేది ఈ కాగితాన్నే.

బీఎడ్ కాలేజీల వాళ్లు రెండో ఏడాదిలో ఒక పూట దీనికి ఇస్తే బాగుంటుంది. నేను మాత్రం ఇప్పుడు కౌంటర్ దగ్గర ఒక తెల్ల కాగితం, పెన్ను పెట్టాను. మీ దగ్గర ఏ పిల్లాడు ఏం నేర్చుకున్నాడో నాలుగు లైన్లు రాసివ్వండి, అప్పుడే టైపు చేస్తానంటున్నాను. కొందరు కూర్చుని రాస్తున్నారు. కొందరు విసుక్కుని పక్క షాపుకు పోతున్నారు, అక్కడ పదిహేను రూపాయలే.

మీ పత్రికతోనూ ఒక మాట. జిల్లా పేజీల్లో వచ్చే ప్రకటనలు ‘అన్ని సబ్జెక్టులకు టీచర్లు కావలెను, ఆకర్షణీయమైన జీతం’ అనే ఉంటున్నాయి. ఏ తరగతికో, ఏ మీడియమో తెలియకుండా పిల్లలు రెజ్యూమేలో ఏం రాయాలి? ప్రకటన తీసుకునేటప్పుడు ఆ రెండు వివరాలూ మీవాళ్లు అడిగితే చాలు. ఒక లైను పెరుగుతుంది, దాని రేటు బడివాళ్లే కట్టుకుంటారు.

ఇట్లు,
ఒక డీటీపీ షాపు యజమాని,
కర్నూలు