చిన్నబాబుకు

మాధవరం,
ఆదివారం రాత్రి

చిరంజీవి చిన్నబాబుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. కోత మిషను రేపొస్తుంది. నానమ్మ చేసిన సున్నుండలతో పాటు రెండు జతల ఊలు సాక్సులు పంపాను. నీ ఆర్మీ ట్రైనింగు జరిగే నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్ చలిలో తడి సాక్సు మీద బూటు వేస్తే పొక్కులు ఖాయం. మూడు ఆదివారాలైంది, నీ ఫోను లేదు. నువ్వు కుంటుతున్నావని, నీతో ట్రైనింగులో ఉన్న సత్తిపండు వాళ్ళమ్మ చెరువుగట్టు మీద చెప్పింది. సరే, అది తర్వాత.

కొత్తలో ఏడుపొస్తే సిగ్గుపడకు. నిద్ర చాలకపోతే ట్రైనింగిచ్చే ఉస్తాద్ అన్న చిన్నమాట కూడా గుండెల్లో గుచ్చుకుంటుంది. లైట్లార్పాక బూట్ పాలిష్ పట్టుకు కూర్చోకు. ఆకలి లేకపోయినా లంగరులో, అదే మీ భోజనశాలలో, పప్పూ రొట్టే వదలకు. కలిసి పరిగెత్తి, శిక్షగా ఇచ్చే రగడా కలిసి పడితే ప్లటూన్ అంతా ఒక్క ఒళ్ళవుతుంది, 'నా వల్ల కాదు' అనే మాట పోతుంది. మేలంతా అదే. కీడూ అక్కడే: జట్టులో వెనకబడతానని కుర్రాడు నొప్పి దాస్తాడు.

గణపతి మావయ్య రెండోవాడి సంగతి నీకు సగమే తెలుసు. వాడి ట్రైనింగు ఏడో వారంలో మోకాలికింద ఎముక నొప్పి. మొదట పరుగులోనే, తర్వాత నడకలో, ఆపైన పడుకున్నా నొప్పే. క్రేప్ కట్టు బిగించి, మాత్రలు మింగి, డాక్టరు చూసే ఎమ్‌ఐ రూమ్ గడప తొక్కలేదు. 5 కిలోమీటర్ల పరుగులో ఎముక పూర్తిగా విరిగింది. ప్లాస్టరు కన్నా వాణ్ణి కుంగదీసింది వేరే: తన బ్యాచి ట్రైనింగు ముగించి ప్రమాణం చేసే కసమ్ పరేడ్ చేస్తుంటే మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి మానేశాడు, పలకడం మానేశాడు. జూనియర్ బ్యాచితో మళ్ళీ మొదలెట్టాకే వాడికి నవ్వొచ్చింది.

అందుకే చెప్పేది, బొటనవేలితో మోకాలికింద ఎముక వెంబడి నొక్కి చూడు. నొప్పి జానెడు మేర పరుచుకుంటే చాలావరకు ఎముక పైపొర వాపు. ఒక్క వేలి మోపు చోటే చురుక్కుమంటే, రాత్రీ సలిపితే, ఎముకకు సన్నటి బీట పడి ఉండొచ్చు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో అది కనపడకపోవచ్చు. 'ఏమీ లేదు' అన్నారని పరిగెత్తకు, మళ్ళీ చూపించుకుని పరుగూ కసరత్తూ వద్దని పీటీ ఎక్స్‌క్యూజ్ రాయించుకో. తొందరగా పట్టుకుంటే ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతితో చాలావరకు అతుక్కుంటుంది. నిన్ను వెనక బ్యాచికి వేస్తే వెయ్యనీ. ఆ దిగులు ఉస్తాద్‌తోనో సత్తిపండుతోనో నోరు విప్పి చెప్పు, లోపల దాచుకోకు.

ఫోను చేతికిచ్చిన రోజు ముందు అమ్మకి చెయ్యి, నాకు తర్వాత. ఏ కాలు, ఎక్కడ నొప్పి, రాత్రిళ్ళు ఉంటోందా, అది చెప్పు.

మీ నాన్న