భూకంపం వార్తలో లోతు కూడా రాయండి

సంపాదకులకు,

భూమి కంపించిన ప్రతిసారీ మన పత్రికలు ‘రిక్టర్ స్కేలుపై తీవ్రత ఇంత’ అని ఒక్క అంకె ఇచ్చి ఊరుకుంటున్నాయి. ఆ అంకె (పరిమాణం) భూమి లోపల విడుదలైన శక్తికి కొలత. మన ఇంటి కింద నేల ఎంత ఊగిందో తేలాలంటే లోతు, దూరం, మట్టి కూడా తెలియాలి.

2017 ఆగస్టు 21న ఇటలీలోని ఇస్కియా అగ్నిపర్వత ద్వీపంలో వచ్చినది దాదాపు 4 పరిమాణం గల భూకంపమే. కానీ రెండు కిలోమీటర్ల లోతులోనే పుట్టడంతో ఆ ద్వీపంలోని కాసామిచ్చోలా పట్టణంలో ఇళ్లు కూలి ఇద్దరు చనిపోయారు. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర వచ్చిన 5.3 భూకంపం శక్తిలో దానికి సుమారు 90 రెట్లు. 40 కిలోమీటర్ల లోతున పుట్టింది కాబట్టి హైదరాబాద్, విజయవాడల్లోనూ తెలిసింది గానీ పెద్ద నష్టం చేయలేదు.

లెక్క కట్టి చూడండి. భూకంప కేంద్రం 2 కి.మీ. లోతున ఉంటే సరిగ్గా పైనున్న ఇంటికి 2 కి.మీ., పది కి.మీ. అవతలి ఇంటికి 10.2 కి.మీ. దూరం. అల పరుచుకోవడం వల్లనే కంపం ఐదో వంతుకు పడిపోతుంది. అదే లోతు 40 అయితే ఆ రెండిళ్ల దూరాలు 40, 41.2, తేడా లేనట్టే. పైగా అగ్నిపర్వతాల కింద రాయి వేడెక్కి, బీటలువారి ఉంటుంది కనుక వేగంగా ఊగే కంపాన్ని త్వరగా మింగేస్తుంది. అందుకే ఎంత దూరంలో ఎంత కంపం వస్తుందో అంచనా వేయడానికి అక్కడ తక్కువ లోతు చిన్న భూకంపాలకు విడిగా సమీకరణాలు కడతారు. పెద్ద భూకంపాల రికార్డులతో కట్టిన సమీకరణాన్ని 3.5 పరిమాణం గల భూకంపానికి వాడితే దూరాన ఉన్న ఊళ్లకు లేనిపోని కంపం చూపిస్తుంది. లోతు వదిలేసి మ్యాపు మీద దూరమే వేస్తే కేంద్రం దగ్గర లెక్క మరీ తప్పుతుంది.

కొవ్వూరు దగ్గరి పంగిడి, గౌరీపట్నం క్వారీల నల్లరాయి చూసి మనదీ అగ్నిపర్వత ప్రాంతమేనని కొందరు భయపడతారు. అది సుమారు 6.5 కోట్ల ఏళ్ల నాడు చల్లారిన దక్కన్ లావా. ఇస్కియా సమీకరణం ఇక్కడ పనికిరాదు. మన పాత గట్టి రాతిలో కంపం చాలా దూరం పోతుంది. 1969 ఏప్రిల్ 13 నాటి 5.7 భద్రాచలం భూకంపం ఎంతో దూరం తెలిసింది అందుకే.

మా అసలు బెంగ గోదావరి డెల్టా ఒండ్రు గురించి. కోత తరంగం (నేలను అడ్డంగా ఊపుతూ సాగే భూకంప తరంగం) సెకనుకు 180 మీటర్ల వేగంతో పోయే మెత్తటి మట్టి 30 మీటర్ల మందాన ఉంటే ఆ నేల సెకనుకు ఒకటిన్నర సార్లు ఊగుతుంది. ఆరేడు అంతస్తుల భవనం ఊపు కూడా ఇంచుమించు అంతే. రెండూ కలిస్తే కంపం పెరుగుతుంది. భీమవరం, అమలాపురాల్లో అపార్టుమెంట్లు లేస్తున్నది ఈ ఒండ్రు మీదే.

నేల సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో కొలవడం కష్టం కాదు. మూడు దిశల కంపం పట్టే సెన్సర్‌ను నేల మీద కదలకుండా పెట్టి, గాలి లేని రాత్రి అరగంట రికార్డు చేస్తే చాలు. కొబ్బరిచెట్టు మొదట్లో పెడితే చెట్టు ఊపే నమోదవుతుంది. రొయ్యల చెరువు దగ్గరైతే నిమిషానికి 1440 చుట్లు తిరిగే ఏరియేటర్ మోటారు 24 హెర్ట్జ్ (సెకనుకు 24 ఊపులు) దగ్గర గ్రాఫులో సూదిమొనలాంటి శిఖరం చూపిస్తుంది. దాన్ని నేల గుణం అనుకోకూడదు.

గౌరీపట్నం రాతి మీద ఒకటి, కోనసీమ ఒండ్రు మీద ఒకటి యాక్సిలరోమీటర్లు (బలమైన కంపాన్ని కొలిచే పరికరాలు) శాశ్వతంగా పెడితే ఒకే భూకంపానికి రెండు నేలల తేడా నేరుగా దొరుకుతుంది. ఈలోగా నాలుగంతస్తులు దాటిన ప్రతి భవనం అనుమతి దరఖాస్తుకూ ఆ స్థలం నేల ఊపు అంకెను జతచేయమని పురపాలక సంఘాలు అడగాలి.

— భూభౌతిక శాస్త్ర అధ్యాపకులు, అమలాపురం